ఈత నేర్చుకున్న ఏడు

బరంపురం,
7 ఫిబ్రవరి 1937

వదినగారికి శ్యామసుందర్ నమస్కరించి రాస్తున్నది.

మీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు ఆలస్యమైంది. మీ చెల్లెలు వాసవి పోయి అయిదు నెలలైంది. ఈ ఇంటి నుంచి రాయదగ్గ విశేషాలేమీ ఉండవు. బడికి వెళతాను, వస్తాను. ఊరు కొత్త ఒడియా రాష్ట్రంలో చేరాక మా బడిలో తెలుగు తరగతులు తగ్గించారు. నా గంటలూ తగ్గాయి. శనివారం మధ్యాహ్నం నుంచి తీరికే.

ఆ తీరికలో ఒక పని మొదలుపెట్టాను. గోపాల్‌పూర్ వెళ్ళి ఈత నేర్చుకుంటున్నాను. సముద్రంలో కాదు. దాని వెనక నిలిచిన ఉప్పుటేరులో. నేర్పేది ఒక పడవవాడు.

ముప్పై ఏడేళ్ళ మనిషికి ఇదేం బుద్ధి అని నవ్వుతారని తెలుసు. నవ్వండి. కారణం ఒకటుంది. రాయగలిగినప్పుడు రాస్తాను.

మూడు వారాలైంది. ఇంకా నడుం లోతు దాటలేదు. ఇప్పటివరకూ పాఠమంతా ముఖం నీటిలో పెట్టి ఊపిరి వదలడమే. నీటిలో వస్తువు ఎందుకు తేలుతుందో పిల్లలకు గాజుపాత్ర పెట్టి చూపించే మాస్టరును నేను. నా ముఖం నీటికి జానెడు దూరంలోకి రాగానే మెడ బిగుసుకుపోతుంది.

“ఊపిరి అట్టిపెట్టుకోకు బాబూ. నీల్లల్లోకి ఊదీ. బుడగలు రానీ” అంటాడు.

“ఊదితే లోపల గాలి ఉండదు కదా?”

“ఊదకపోతే కొత్తగాలికి సోటేదీ? మూట కట్టి ఎవులికి దాస్తన్నావు?”

ఇంట్లోనూ అభ్యాసం చేస్తున్నాను. పెరట్లో ఇత్తడి గంగాళం నింపి ముఖం ముంచుతాను. ముంచినప్పుడల్లా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. తలెత్తి చూస్తే దండెం మీద ఆరవేసిన నా చొక్కా.

అస్కా వెళ్ళినప్పుడు మామగారికి నమస్కారాలు చెప్పండి.

శ్యామసుందర్


రసల్‌కొండ,
20 ఫిబ్రవరి 1937

మరిదిగారిని భారతి దీవించి రాస్తున్నది.

మీ ఉత్తరం చదివి నిజంగానే నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో. మావారు పసుపు బస్తాల మధ్య కూర్చుని, “ఏటీ, మాస్టారు ఈత నేర్సుకుంటన్నారా? తల ముందు ములుగుద్ది. పుస్తకాలన్నీ దాన్లోనే కదా ఉన్నాయి” అన్నారు.

మీ పెళ్ళయిన కొత్తలో అస్కాలో మా పుట్టింటికి వచ్చినప్పుడు మీరు రేవు మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నారు. అప్పుడు వాసవి నా చెవిలో, “అక్కా, ఓ కన్నేసి ఉంచు, ఆయన చెంబులో మునిగిపోతారేమో” అంది. మీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించింది.

దానికి పదేళ్ళప్పుడు నేనే ఈత నేర్పాను. పన్నెండేళ్ళకు నిండు రుషికుల్య దాటింది. నాన్నగారు బెత్తం పట్టుకుని నావ ఎక్కి అవతలి గట్టుకు వెళ్ళేసరికి, అది మళ్ళీ ఇవతలికి ఈదుకొచ్చి జడ పిండుకుంటోంది. అలాంటి పిల్ల అదే ఏట్లో, గంజాం రేవులో, ఎలా మునిగింది? పడవలో తొమ్మిదిమంది. ఎనిమిదిమంది బయటపడ్డారు. ఈత వచ్చిన మనిషి ఒక్కతీ పోయింది. ఇది ఎవరికి చెప్పినా నమ్మేలా లేదు.

నాన్నగారికి ఇప్పుడు వేరే ధ్యాస లేదు. పడవ నడిపిన కూర్మయ్యదే తప్పని ఛత్రపురం కచేరీలో అర్జీ పెట్టారు. ఈత రాని అల్లుణ్ణి జుట్టు పట్టి లాగినవాడు కూతుర్ని ఎందుకు వదిలేశాడంటారు. వాడి తెడ్డు దాని తలకు తగిలే ఉంటుందంటారు. విచారణలో అందరూ అడిగితే ఆ కూర్మయ్య నోరు విప్పలేదట. తప్పు లేనివాడికి మౌనమెందుకు? వాణ్ణి రేవు నుంచి తప్పించారు. జూలైలో మళ్ళీ విచారణ. తప్పు రుజువైతే జైలు తప్పదంటున్నారు. మీరు వాంగ్మూలం ఇవ్వాలి. దగ్గరగా ఉన్నది మీరే కదా. అప్పట్లో ఏమీ గుర్తు లేదన్నారు. ఇప్పటికైనా ఏదైనా గుర్తొచ్చిందా?

తల తుడుచుకోకుండా సైకిలెక్కకండి. జలుబు చేస్తుంది.

భారతి


బరంపురం,
14 మార్చి 1937

వదినగారికి,

జలుబు చేయలేదు. చెంబు సంగతి చెప్పినందుకు సంతోషం. ఆ మాట మూడు రోజులు ఇంట్లో తిరిగింది.

ఎండబెట్టిన సొరబుర్రలు రెండు నడుముకు కట్టి ఇప్పుడు లోతుకు తీసుకువెళుతున్నాడు. నా తప్పులు మూడని చెప్పాడు. తల ఎత్తుతాను. తల ఎత్తితే కాళ్ళు కిందికి దిగుతాయి. మోకాళ్ళు మడుస్తాను.

“సైకిలు తొక్కుతన్నావేటి బాబూ? ఇక్కడ రోడ్డు లేదు. కాలు తుంటికాడ్నించి కదలాల.”

మూడోది, నీటిని కొడతాను. కొట్టకూడదట. అరచేత్తో ముందు నీటిని అందుకుని, ఒంటి పక్కనుంచి వెనక్కి నెట్టాలి.

“నీల్లంటే నీకేటి పగ?” అన్నాడు.

తల ముంచి మళ్ళీ మొదలుపెట్టాను.

నిన్న వెల్లకిలా తేలాను. అతని రెండు వేళ్ళు వీపు కింద ఉన్నాయి. కాసేపటికి అతని మాట దూరం నుంచి వినిపించింది. వేళ్ళు లేవు. చెవులు నీటిలో ఉంటే లోకం ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. రెండే మాటలు. వెంటనే మునిగాను.

వాంగ్మూలం సంగతి తరవాత రాస్తాను.

శ్యామసుందర్


రసల్‌కొండ,
2 ఏప్రిల్ 1937

మరిదిగారికి,

కాళ్ళ గురించి ఒక పేజీ రాశారు. నా చెల్లెలి గురించి ఒక్క వాక్యం. దాన్నీ తరవాతకు వాయిదా వేశారు.

నేను అస్కా వెళ్ళి వచ్చాను. నాన్నగారు చిక్కిపోయారు. కొట్టు తెరవడం లేదు. వచ్చిన ప్రతివాడికీ అదే చెబుతున్నారు. “నా కూతురికి ఈతొచ్చు. ఈతొచ్చినోళ్ళు ఊరికే ములగరు. ఎవుడో ముంచాడు.” వినేవాళ్ళు తలూపి వెళ్ళిపోతున్నారు. కొండలు అనే పాత గుమాస్తా ఒక్కడు ఉండబట్టలేక, “బాబూ, పడవోడు ముంచితే ఆడికేటి లాభం?” అన్నాడు. నాన్నగారు వాణ్ణి గుమ్మం దిగమన్నారు. నలభై ఏళ్ళు పనిచేసినవాణ్ణి.

అందుకే సూటిగా అడుగుతున్నాను. పడవ తిరగబడినప్పుడు మీరెక్కడున్నారు? వాసవి ఎక్కడుంది? మీరు చదువుకున్నవారు. ఉత్తరం రాయడం మీకు ఒకరు నేర్పక్కరలేదు.

భారతి


బరంపురం,
23 మే 1937

వదినగారికి,

మీరు అడిగినదానికి జవాబు ఇస్తాను. ముందు మీరు ఒక ప్రశ్నకు జవాబు ఇవ్వాలి. దానికి ఈ మధ్య జరిగింది చెప్పాలి.

ఇప్పుడు సొరబుర్రలు లేకుండా ఇరవై బారలు ఈదుతున్నాను. పోయిన ఆదివారం లోతులో ఉండగా కాలికి నాచు చుట్టుకుంది. నేర్చుకున్నదంతా పోయింది. తల ఎత్తాను, మునిగాను, నీళ్ళు మింగాను. పక్కనే ఉన్న అతని మెడ రెండు చేతులా పట్టుకున్నాను.

అతను నన్ను తోయలేదు, కొట్టలేదు. గట్టిగా గాలి పీల్చుకుని నాతో సహా కిందికి దిగిపోయాడు. కిందికి దిగుతున్నామని తెలియగానే నా చేతులు అతన్ని వదిలేసి పైకి ఎగబాకాయి. అంతా పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. తరవాత అతను వెనకనుంచి వచ్చి, నా గడ్డం కింద అరచేయి పెట్టి, నన్ను వెల్లకిలా తిప్పి లోతు తక్కువ వైపు లాక్కొచ్చాడు.

ఇసుక మీద కూర్చున్నాక అడిగాను. “ఇది ఎక్కడ నేర్చావు?”

“నేర్సుకునేదేటి బాబూ? ఏటి గట్టున పెరిగిన పిల్లగుంటలందరికీ తెల్సు. ములిగిపోయేవోడు పట్టుకుంటే ఆడితో కూడా ములిగిపోడమే. ఆడికి కావలసింది నువ్వు కాదు, గాలి. నిన్నొగ్గేసి పైకెల్తాడు.”

“అందరికీ తెలుసా?”

“ఈతంటే ముందు నేర్పేది అదే.”

వదినగారూ, నా ప్రశ్న ఇది. అస్కాలో మీరు వాసవికి దీన్ని నేర్పారా?

ఇంకొకటి దాచాను. నాకు ఈత నేర్పుతున్నది కూర్మయ్య. గంజాం రేవు కూర్మయ్యే. రేవు నుంచి తప్పించాక గోపాల్‌పూర్‌లో బావమరిది ఇంట్లో ఉంటూ, సముద్రస్నానానికి వచ్చినవాళ్ళను చేయి పట్టుకుని అలల్లోకి దింపుతున్నాడు. జనవరిలో వెతుక్కుంటూ వెళ్ళాను. అతను చూసింది చెబితే విందామని వెళ్ళాను. చెప్పలేదు. పడవ నడిపే వాళ్ళింట్లో తాత నాటి నుంచీ ఒక కట్టడి ఉందట. మునిగేటప్పుడు మనిషి ఏం చేశాడో, ఏమని అరిచాడో, గట్టెక్కాక చెప్పకూడదు. చనిపోయినవాళ్ళదీ చెప్పకూడదు, బతికినవాళ్ళదీ చెప్పకూడదు.

“జైలుకు పంపినా?” అన్నాను.

“పంపితే ఎల్తాను. మా అయ్య సెప్పలేదు, నాను సెప్పను. ఈత నేర్పమంటే నేర్పుతాను” అన్నాడు.

అందుకే నేర్చుకుంటున్నాను.

శ్యామసుందర్


రసల్‌కొండ,
1 జూన్ 1937

మరిదిగారికి,

ఆ పేరు చూసి మీ ఉత్తరం పొయ్యిలో పడేయబోయాను. నా చెల్లెల్ని వదిలేసిన చేతుల్లో మీరు తేలుతున్నారా? నాన్నగారికి తెలిస్తే ఏమవుతుంది? మనసు ఎలా ఒప్పింది?

అడిగారు కనక చెబుతున్నాను. నేర్పాను. మొదట నేర్పింది అదే. మా అమ్మమ్మ నాకు నేర్పింది, నేను దానికి నేర్పాను. నేను మునుగుతున్నట్టు నటించి మెడ పట్టుకునేదాన్ని. అది చటుక్కున కిందికి దిగి జారిపోయేది. చేపపిల్లలా. ఒకసారి నేను కావాలని వదలకుండా ఉందామని చూశాను. వల్ల కాలేదు. ఊపిరాడక పైకి వచ్చాను. అది అయిదు బారల దూరంలో తేలి నవ్వుతోంది. మా ఊళ్ళో ఏ ఆడపిల్లా అంత బాగా విడిపించుకోలేదు. ఎవరు పట్టుకున్నా, ఎంత బలంగా పట్టుకున్నా అది

3 జూన్

మొన్న పై మాట రాస్తూ ఆపేశాను. ఎందుకు అడిగారో తెలిసింది.

ఈ కాగితం చింపేసి వేరేది రాయవచ్చు. రాయను. ఎక్కడ ఆగానో మీరు చూడాలి.

ఇక మీరు చెప్పండి. అంతా చెప్పండి.

భారతి


బరంపురం,
10 జూన్ 1937

వదినగారికి,

చెబుతున్నాను.

హుమ్మలో మా పిన్ని ఇంటికి బయలుదేరాం. ఛత్రపురంలో రైలు తప్పింది. తరవాతి బండి సాయంత్రానికి. రేవు దాటుదామన్నది నేను. వాసవి నీటి రంగు చూసి, “ఈవేళ వద్దండి, ఏరు బాగులేదు” అంది. కూర్మయ్య కూడా ఆగమన్నాడు. తొందరపెట్టినవాళ్ళలో నేనే ముందు.

నడి ఏట్లో పడవ ఒరిగింది. ఒక బుట్ట కోసం ఇద్దరు ఒకే పక్కకు వంగారు. అంతే. నీటిలో పడగానే చేతికి అందింది వాసవి. మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. “మెడ వదలండి, భుజం పట్టుకోండి” అంది. రెండుసార్లు అంది. నాకు వినిపించింది. నా చేతులు నా మాట వినలేదని రాయవచ్చు. అది నిజం కాదు. వదిలితే చస్తానని తెలిసి పట్టుకున్నాను.

తరవాత ఆమె అరచేయి నా గడ్డం కింద పడింది. బలంగా పైకి నెట్టింది. నన్ను విడిపించుకోవడానికి నెడుతోందనుకున్నాను. ఇంకా బిగించాను. ఈ తొమ్మిది నెలలూ అలాగే అనుకున్నాను. రోజూ ఉదయం గడ్డం గీసుకునేటప్పుడు ఆ చేయి తెలుస్తుంది. నా భార్య చివరి పని నన్ను తోసివేయడం అనుకున్నాను. తోసివేయడం న్యాయమే అనుకున్నాను. అలా అనుకుంటే బతకడం ఒక విధంగా తేలిక.

మే నెలలో కూర్మయ్య గడ్డం కింద చేయి పెట్టి లాక్కొచ్చినప్పుడు తెలిసింది. అదే చేయి, అదే చోటు. ముక్కు నీటి పైన ఉంచడానికి అలా పట్టుకుంటారు. ఆమె నన్ను తోయడం లేదు, మోస్తోంది. నా ముఖం పైన ఉంది. ఆమె ముఖం కింద ఉంది.

ఆమె కిందికి దిగిపోయి ఉంటే నేను వదిలేసేవాణ్ణి. ఆమెకు అది వచ్చా, రాదా అన్నదొక్కటే నాకు తెలియలేదు. అందుకే మిమ్మల్ని అడిగాను. రాదు అంటారని ఆశపడ్డాను.

కూర్మయ్య ఈదుకుంటూ వచ్చి నా జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు నా చేతులు విడిపోయాయి. ఆమె జారిపోయింది. అతను మూడుసార్లు మునిగి వెతికాడు. మూడోసారి ముక్కు వెంట నెత్తురు కారింది. అతని తెడ్డు ఎవరికీ తగల్లేదు.

ఇదంతా వాంగ్మూలంగా రాసి, సంతకం చేసి ఈ రోజే ఛత్రపురం పంపాను. మామగారి ఎదుట చదువుతారు. ముందుగా మీరు చెప్పినా, చెప్పకపోయినా మీ ఇష్టం. ఏమీ కోరను.

శ్యామసుందర్


బరంపురం,
22 ఆగస్టు 1937

వదినగారికి,

రెండు నెలలుగా మీ ఉత్తరం లేదు. ఎదురుచూసే హక్కు నాకు లేదు.

విచారణ ముగిసింది. కూర్మయ్యను మళ్ళీ రేవులో పెట్టారు. “ఏటి రాసేవు బాబూ, నాను నోరు కట్టుకున్నది నీకోసమే కదా” అని కోప్పడ్డాడు. వెళ్ళేముందు ఉప్పుటేరు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నాతో ఈదించాడు. చేరాను. మొదట ఒడ్డు తగిలింది మోకాళ్ళకు.

భాద్రపదంలో సంవత్సరీకం. అస్కా రేవులో జరపాలని మామగారు ఒకప్పుడు అన్నారు. ఇప్పుడు ఆ మాట ఉందో లేదో తెలియదు. లేకపోతే ఇక్కడే చేస్తాను. ఒక కార్డు ముక్క చాలు.

శ్యామసుందర్


అస్కా,
30 ఆగస్టు 1937

మరిదిగారికి,

నాన్నగారికి ముందుగా చెప్పలేకపోయాను. కచేరీలోనే విన్నారు. బస్సు దిగి ఇంటికి వచ్చి చావిట్లో కూర్చున్నారు. నాలుగు రోజులు భోజనం, పడక అక్కడే. మావారు నన్ను ఇక్కడికి పంపారు. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను.

అయిదో రోజు నన్ను పిలిచారు.

“దానికి ఒదిలించుకోడం నేర్పేవా?”

“నేర్పాను.”

“బాగా వచ్చా?”

“నాకంటే బాగా వచ్చు నాన్నా.”

అంతే అడిగారు. మర్నాడు కొండలును పిలిపించి కొట్టు తెరిపించారు. వాడు తాళంచెవి అందుకుని, “నలభై ఏళ్ళలో నన్ను దిగమన్నది ఇది మూడోసారి. నాలుగోసారి అంటే నిజంగా ఎల్లిపోతాను” అన్నాడు. నాన్నగారు, “ముందు కొట్టు తుడు” అన్నారు.

మీ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు మీ మీద కోపం ఉంది. మెడ పట్టుకున్నందుకు కాదు. మునిగే మనిషి పట్టుకుంటాడు, నేనూ పట్టుకుంటాను. “ఈవేళ వద్దండి” అని అది అంటే మీరు వినలేదు. అది ఎలా అని ఉంటుందో, ఏ గొంతుతో అని ఉంటుందో నాకు తెలుసు. నీళ్ళ బిందె ఎత్తినప్పుడల్లా వినిపిస్తోంది. ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. తగ్గిందని అబద్ధం రాయను.

నిన్న మీ ఉత్తరం సంగతి చెప్పి, ఏమని రాయమంటారని నాన్నగారిని అడిగాను. ఎదుటింటి గురువులుగారు కూడా ఉన్నారు. ఆయన అడ్డం వచ్చి, “ఏ ముఖం పెట్టుకుని వస్తాడు? రేవులో తంతు చేయించి అట్నించటే పంపీండి” అన్నారు. నాన్నగారు ఆయన వైపు తిరిగారు. అప్పుడన్నారు. “అది అంత కష్టపడి గట్టెక్కించినోణ్ణి మనం గుమ్మంలో నిలబెట్టడమేటి? రమ్మను.”

కాబట్టి రండి. తిథికి ముందు రోజే రండి. రేవులో తర్పణం అయ్యాక ఇంట్లోనే భోజనం. వంట నాది. నాన్నగారి పక్కనే మీ విస్తరి వేస్తాను, నేనే వడ్డిస్తాను.

ఆ పూట మాత్రం నా ముఖంలోకి చూడకండి. నాకు దాని పోలిక ఉందని ఊరంతా అంటుంది. మీ కళ్ళు ఎవర్ని చూస్తున్నాయో నాకు తెలిసిపోతుంది. అప్పుడు గరిటె చేతిలో నిలవదు.

భారతి